ట్రయాథ్లాన్‌కు ఈత, పరుగు: క్లబ్ సభ్యుల కోసం అడుగడుగు మార్గదర్శి

క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ చివరికి రెండుగా తేలతాయి. "పూల్‌లో 100 మీటర్లకే ఆయాసం వస్తోంది, 1500 మీటర్లు ఎప్పటికి ఈదుతాను?" అన్నది ఒకటి. "మామూలుగా 10 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తుతాను, సైకిల్ దిగాక మాత్రం కాళ్లు కదలవేం?" అన్నది రెండోది.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పోటీ. ఇక్కడ సైక్లింగ్ జోలికి పెద్దగా వెళ్లను. మనలో చాలామంది ఈతను బలంతో, పరుగును పంతంతో సాధించాలని చూస్తారు. ఈతకు కావలసింది తరచూ నీళ్లలోకి దిగడం. పరుగుకు కావలసింది ఓపిక. కింద చెప్పినవన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

1. మొదలుపెట్టే ముందు

ముందు దూరం తేల్చుకోండి. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. స్టాండర్డ్ లేదా ఒలింపిక్ దూరం అంటే 1500 మీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు. మొదటి ఏడాది స్ప్రింట్ చాలు.

ఆగకుండా 200 మీటర్లు ఈదగలిగి, అరగంట మెల్లగా పరిగెత్తగలిగేవారికి స్ప్రింట్‌కు 12 వారాలు సరిపోతాయి. ఈత అసలు రానివారు దీన్ని పక్కనపెట్టి ముందు కోచ్ దగ్గర నేర్చుకోండి. చదివి నేర్చుకునే విద్య కాదది.

సిద్ధం చేసుకోవలసినవి:

- డాక్టర్ పరీక్ష. 40 దాటినవారు, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారు దీన్ని దాటవేయకండి.
- గాగుల్స్ రెండు జతలు. ఒకటి అద్దం తెల్లగా, ఒకటి ఎండకు రంగు అద్దంతో. పట్టీ లేకుండా కంటికి ఆనించి నొక్కితే ఒకటి రెండు క్షణాలు అతుక్కుని ఉండాలి. అదే సరైన సైజు.
- కాళ్లు తేలేలా వాటి మధ్య పెట్టుకునే పుల్ బాయ్, పాదాలకు తొడుక్కునే పొట్టి ఫిన్స్. అరచేతికి తొడుక్కునే ప్యాడిల్స్ ఇప్పుడే వద్దు, భుజాలు పాడవుతాయి.
- బొటనవేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండే రన్నింగ్ షూ. లాగితే బిగిసే ఎలాస్టిక్ లేసులు.
- బయటి నీళ్ల కోసం కొట్టొచ్చినట్టు కనిపించే రంగు క్యాప్, నడుముకు కట్టుకునే తేలే బాయ్.
- సెకన్లు చూపించే వాచ్. ఖరీదైనది అక్కర్లేదు.

2. ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోండి

కొలత లేకుండా మొదలుపెడితే ప్రతి సెషన్ ఒకే వేగంతో, ఒకే అలసటతో ముగుస్తుంది. రెండు పరీక్షలు చాలు. రెండింటికీ మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంచండి.

ఈత పరీక్ష: 10 నిమిషాలు వార్మప్ చేయండి. 400 మీటర్లు మీ శక్తికొద్దీ, కానీ ఒకే వేగంతో ఈది టైమ్ రాసుకోండి. 8 నుంచి 10 నిమిషాలు తేలిగ్గా ఈది తేరుకున్నాక 200 మీటర్లు అలాగే ఈదండి. 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి, మిగిలినదాన్ని సగం చేయండి.

400 మీటర్లకు 9 నిమిషాల 20 సెకన్లు, 200 మీటర్లకు 4 నిమిషాల 20 సెకన్లు పట్టాయనుకుందాం. తేడా 5 నిమిషాలు, అందులో సగం 2 నిమిషాల 30 సెకన్లు. 100 మీటర్లకు అదే మీ హద్దు వేగం. కోచ్‌లు దీన్నే సీఎస్ఎస్ (క్రిటికల్ స్విమ్ స్పీడ్) అంటారు. ఈత సెట్లన్నీ దీన్ని బట్టే కట్టుకోవాలి. 400 ఆగకుండా ఈదలేనివారు ఈ పరీక్ష నెల తర్వాత పెట్టుకోండి.

పరుగు పరీక్ష: చదునైన దారిలో 5 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తి సగటు వేగం చూసుకోండి. కిలోమీటరుకు 6 నిమిషాలు వస్తే, మీ తేలిక పరుగు 7 నిమిషాల కంటే వేగంగా ఉండకూడదు. ఏడున్నర అయినా తప్పులేదు. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖం మాడ్చుకుంటారు. ఎందుకో 7వ అంశంలో చెబుతాను.

ప్రతి 4 నుంచి 6 వారాలకోసారి మళ్లీ కొలవండి.

3. వారాన్ని ఎలా పంచుకోవాలి

ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వారానికి 7, 8 గంటలు తీయగలిగేవారికి ఇలా కుదురుతుంది:

- సోమవారం: తేలిక ఈత, 45 నిమిషాలు. పని అంతా మెళకువల మీదే.
- మంగళవారం: వేగం పరుగు, 45 నిమిషాలు.
- బుధవారం: ఈత సెట్, గంట. వీలైతే సాయంత్రం సైకిల్.
- గురువారం: తేలిక పరుగు, 40 నిమిషాలు.
- శుక్రవారం: పూర్తి విశ్రాంతి.
- శనివారం: ఈత, ఆ తర్వాత సైకిల్, దిగగానే 15 నిమిషాల పరుగు.
- ఆదివారం: పొడవైన పరుగు, గంట నుంచి గంటంబావు.

పొడవైన పరుగు మర్నాడు ఈత పెట్టడానికి కారణం ఉంది. నీళ్లలో కాళ్ల మీద బరువు పడదు, ఆదివారం అలసట తీరుతుంది. ఒకే రోజు రెండూ చేయాల్సి వస్తే మెళకువలు నేర్చుకునే ఈతే ముందు. అలసిన ఒంటితో తప్పుడు బారలే అలవాటవుతాయి.

మూడు వారాలు పెంచి, నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. ఒక రోజు తప్పితే తప్పిందే. మర్నాడు రెండింతలు చేసి సరిపెట్టకండి.

4. ఈత: ముందు ఊపిరి, తర్వాత ఒళ్లు, చివరికి చెయ్యి

ఈ వరస మార్చకండి. చాలామంది చేతుల దగ్గర మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత కూడా ఆయాసపడుతూనే ఉంటారు.

ఊపిరి. 100 మీటర్లకే ఆయాసం వచ్చేది గాలి అందక కాదు, లోపలి గాలిని వదలకపోవడం వల్ల. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల పక్కకు తిప్పిన ఆ అరక్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయాలని చూస్తారు. రెండూ సగం సగమే అవుతాయి.

ఇలా సరిచేసుకోండి. గోడ పట్టుకుని ముఖం ముంచి, ముక్కుతో, నోటితో సన్నగా, ఆగకుండా బుడగలు వదలండి. తల పక్కకు తిప్పి పీల్చండి. ఇలా 20 సార్లు. తర్వాత 25 మీటర్లు మెల్లగా ఈదుతూ అదే పని. పాట హమ్ చేసినట్టు నీళ్లలో "ఊఁ..." అంటూ ఉంటే గాలి దానంతటదే పోతుంది. వినడానికి నవ్వొస్తుంది గానీ నేను చూసిన కిటుకుల్లో త్వరగా పనిచేసేది ఇదే.

రెండు బారలకోసారి ఒకే వైపు ఊపిరి తీసుకున్నా తప్పులేదు. కాకపోతే రెండో వైపు కూడా నేర్చుకోండి. పోటీలో అలలో, ఎండో మీ అలవాటు వైపు నుంచే రావచ్చు.

ఒళ్లు. నీళ్లలో మన శరీరం త్రాసు లాంటిది. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. మునిగిన కాళ్లను ఈడ్చుకెళ్లడానికే సగం శక్తి పోతుంది. చూపు ముందుకు కాదు, కింద పూల్ నేల మీద ఉండాలి. ఊపిరికి తల ఎత్తకండి, తిప్పండి. ఒక గాగుల్ అద్దం నీళ్లలోనే ఉండాలి.

అభ్యాసం: గోడను తన్ని, చేతులు ముందుకు చాచి, కదలకుండా జారండి. ఎంతదూరం పోతారో చూసుకోండి. తర్వాత ఫిన్స్ వేసుకుని పక్కకు ఒరిగి, కింది చెయ్యి చాచి 25 మీటర్లు కాళ్లు కొట్టండి. వైపు మార్చి మళ్లీ.

కాళ్లు. రన్నర్లు, సైక్లిస్టులు మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు కొడతారు. కదలిక తుంటి నుంచి రావాలి, మోకాలు కొద్దిగా వదులుగా ఉండాలి, పాదం చాచి ఉండాలి. మనకు ఇంకా సైకిల్, పరుగు మిగిలి ఉంటాయి కాబట్టి కాళ్లను గట్టిగా కొట్టక్కర్లేదు. ఒళ్లు పైన తేలితే చాలు.

చెయ్యి. వేళ్లు భుజానికి ఎదురుగా నీళ్లలోకి దిగాలి. తలకు అడ్డంగా అవతలి వైపు పోతే ఒళ్లు పాములా మెలికలు తిరుగుతుంది, భుజం నొప్పీ మొదలవుతుంది. చెయ్యి ముందుకు చాపాక మోచేతిని పైనే ఉంచి, వేళ్లు కిందికి దించి, అరచేయి ముంజేయి కలిపి ఒకే తెడ్డులా నీటిని వెనక్కి నెట్టాలి. కిందికి నొక్కితే మీ తల లేస్తుందే తప్ప ముందుకు పోరు.

అభ్యాసం: పిడికిలి బిగించి 25 మీటర్లు ఈదండి. ముంజేయితో నీటిని పట్టడం అప్పుడే తెలుస్తుంది. పిడికిలి విప్పి మరో 25 ఈదితే చేతికి కొత్తగా రెక్క మొలిచినట్టు ఉంటుంది.

వారానికి ఒక్క లోపమే సరిదిద్దుకోండి. ఎవరితోనైనా ముందు నుంచి, పక్క నుంచి వీడియో తీయించుకోండి. మనం ఈదుతున్నామనుకునే తీరు వేరు, నిజంగా ఈదే తీరు వేరు.

5. పూల్ సెషన్ ఎలా కట్టుకోవాలి

వారానికి ఒకసారి రెండు గంటలు ఈదడం కంటే మూడుసార్లు 45 నిమిషాలు ఈదడం మేలు. నీటి మీద పట్టు నాలుగు రోజులు దూరమైతే జారిపోతుంది.

మెళకువ సెషన్, 1100 మీటర్లు:

1. తేలిక ఈత 200.
2. పైన చెప్పిన అభ్యాసాలు 25 మీటర్ల చొప్పున 8.
3. నిదానంగా 50 మీటర్ల చొప్పున 8, మధ్యలో 20 సెకన్ల విరామం. ప్రతి 25కు ఎన్ని బారలు పడ్డాయో లెక్కపెట్టండి.
4. పుల్ బాయ్‌తో 50 మీటర్ల చొప్పున 4.
5. తేలిక ఈత 100.

హద్దు వేగం సెషన్, 1500 మీటర్లు:

1. తేలిక ఈత 300.
2. 50 మీటర్ల చొప్పున 4, ఒక్కోటీ ముందుదాని కంటే కాస్త వేగంగా.
3. హద్దు వేగంతో 100 మీటర్ల చొప్పున 8, మధ్యలో 20 సెకన్ల విరామం.
4. తేలిక ఈత 200.

మూడో మెట్టులో మొదటి 100కూ చివరి 100కూ తేడా 5 సెకన్లు దాటిందంటే మొదట్లో తొందరపడ్డారని అర్థం. వేగం పెంచకండి. 8ని 10 చేయండి, 10ని 12 చేయండి, ఆ తర్వాత విరామం 15 సెకన్లకు తగ్గించండి.

ఒక హెచ్చరిక. గబగబా ఊపిరి పీల్చి, నీటి అడుగున బిగబట్టి ఎంతదూరం పోతామో చూసే పందేలు క్లబ్‌లో సరదాగా మొదలవుతాయి. వాటిలోకి దిగకండి. ముందస్తు సూచన ఏమీ లేకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది.

6. పూల్ నుంచి బయటి నీళ్లకు

పూల్‌లో ప్రతి 25 మీటర్లకూ ఒక గోడ ఉంటుంది. తెలియకుండానే అక్కడ ఒక క్షణం ఊపిరి తీసుకుంటాం. బయట గోడా ఉండదు, అడుగున నల్ల గీతా ఉండదు. పూల్‌లో దర్జాగా 1500 ఈదినవారు మొదటిసారి బయట 200కే టెన్షన్ పడటం మామూలే.

దిగే ముందు చూసుకోవలసినవి:

- ఒంటరిగా దిగకూడదు. ఒడ్డున ఒకరు, నీళ్లలో ఒకరు తోడుండాలి.
- ఈతకు అనుమతి ఉన్న చోటే. ఎక్కడ దిగాలో, ఎక్కడ తేలాలో ముందే చూసుకోవాలి.
- బాయ్ కట్టుకున్నారా? క్యాప్ దూరం నుంచి కనిపిస్తుందా?
- ఉరుము వినిపిస్తే దిగకూడదు, దిగి ఉంటే వెంటనే బయటికి రావాలి.

నీళ్లు చల్లగా ఉంటే దూకకండి. ముఖం, మెడ, చేతులు తడుపుకుంటూ మెల్లగా దిగండి. చల్లటి నీరు తగలగానే ఊపిరి ఎగబీల్చడం శరీర సహజం. ఒకటి రెండు నిమిషాల్లో అది తగ్గుతుంది. అది తగ్గేదాకా ఈత మొదలుపెట్టకుండా తేలుతూ ఉండండి.

దారి చూసుకోవడం: 6 నుంచి 10 బారలకోసారి కళ్లు మాత్రమే నీటి పైకి వచ్చేలా తల కొద్దిగా ఎత్తి ముందుకు చూడండి. వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోండి. చూడటం, పీల్చడం ఒకేసారి చేయాలనుకుంటే తల బాగా లేస్తుంది, కాళ్లు మునుగుతాయి. పూల్‌లోనే ఒక నీళ్ల సీసా గట్టు మీద పెట్టుకుని దీన్ని సాధన చేయవచ్చు.

మరొకరి పాదాల వెనుక, తగలకుండా ఈదితే శ్రమ తగ్గుతుంది. ఈతలో ఇది నిబంధనలకు విరుద్ధం కాదు. అయితే ముందున్నవారు దారి తప్పితే మీరూ తప్పుతారు, కాబట్టి మీ చూపు మీకుండాలి.

భయం వేస్తే వెల్లకిలా తిరిగి తేలండి, చేయి పైకెత్తి ఊపండి. రక్షణ పడవ పట్టుకున్నంత మాత్రాన చాలా పోటీల్లో అనర్హత వేటు పడదు, దాని సాయంతో ముందుకు కదలకపోతే సరి. పోటీ రోజు బ్రీఫింగ్‌లో ఆ నిబంధన అడిగి తెలుసుకోండి. వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్) సంగతీ అక్కడే తేలుతుంది. నీటి ఉష్ణోగ్రతను బట్టి ఒకచోట తప్పనిసరి, మరోచోట నిషేధం. వేసుకునేట్టయితే పోటీకి ముందే రెండు మూడుసార్లు దాంతో ఈది చూడండి.

7. పరుగు: నెమ్మదిగా వెళ్లడం నేర్చుకోండి

మా క్లబ్‌లో గాయపడి ఆగిపోయినవారిలో ఎక్కువమంది తేలిక పరుగును తేలిగ్గా పరిగెత్తనివారే. పక్కవాడు ముందుకు పోతుంటే ఊరుకోలేరు. రోజూ మధ్యరకం వేగంతో పరిగెత్తి, వేగం పరుగు రోజు వచ్చేసరికి కాళ్లలో పస లేకుండా నిలబడతారు.

వారంలో పరుగెత్తే సమయంలో ఐదింట నాలుగు వంతులు తేలిగ్గా ఉండాలి. తేలిక అంటే పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం తగ్గించండి, చిన్న ఎత్తు వచ్చినా నడవండి. గుండె వేగం చూపే వాచీ కంటే ఈ మాటల పరీక్షే నాకు నమ్మకం.

గురువారం తేలిక పరుగు చివర 20 సెకన్ల చొప్పున 6 సార్లు వడిగా, కానీ బిగుసుకోకుండా పరిగెత్తండి. మధ్యలో నిమిషంపైన నడక. అడుగు తీరు బాగుపడుతుంది, అలసట ఉండదు.

మంగళవారం వేగం పరుగు, వారాల వరసలో:

- 1 నుంచి 4 వారాలు: 10 నిమిషాల వార్మప్ తర్వాత 3 నిమిషాలు గట్టిగా, 2 నిమిషాలు మెల్లగా, ఇలా 5 సార్లు.
- 5 నుంచి 8 వారాలు: 8 నిమిషాలు కష్టంగానే కానీ నిలకడగా, 2 నిమిషాలు మెల్లగా, ఇలా 3 సార్లు.
- 9, 10 వారాలు: కిలోమీటరు చొప్పున 4, పోటీలో పరిగెత్తాలనుకునే వేగంతో.

పొడవైన పరుగును వారానికి 5 నిమిషాలకు మించి పెంచకండి. ఊపిరితిత్తులు, గుండె కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకు, కండర బంధనాలకు నెలలు పడుతుంది. ఈత, సైకిల్ వల్ల దమ్ము ముందే వచ్చేసి ఉంటుంది కాబట్టి ట్రయాథ్లెట్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఊపిరి ఇంకా పరిగెత్తమంటుంది, పిక్క ఒప్పుకోదు.

పిక్కలకు వారానికి రెండుసార్లు పని చెప్పండి. మెట్టు అంచున నిలబడి రెండు కాళ్ల మీద లేచి, ఒంటికాలి మీద మెల్లగా దిగాలి. కాలికి 12 చొప్పున 3 సార్లు.

8. సైకిల్ దిగాక పరుగు

సైకిల్ మీద ముందుకు వంగి గంటసేపు తొక్కాక తుంటి ముందరి కండరాలు బిగుసుకుంటాయి, తొడలు అలసి ఉంటాయి. అందుకే కాళ్లు మనవి కానట్టు అనిపిస్తుంది. ఇది పోయేది కాదు, అలవాటయ్యేది. దానికే శనివారం బ్రిక్ సెషన్, అంటే సైకిల్ దిగగానే పరుగు.

1. సైకిల్ చివరి 5 నిమిషాలు తేలిక గేరులో వేగంగా తొక్కండి.
2. దిగి షూ మార్చుకుని వెంటనే బయల్దేరండి. ఫోన్ చూసుకుంటూ పది నిమిషాలు గడిపితే అది బ్రిక్ కాదు.
3. మొదటి 5 నిమిషాలు పొట్టి అడుగులు, చకచకా.
4. 15 నిమిషాలకు ఆపేయండి. ఎక్కువసేపు పరిగెత్తితే ఆదివారం పరుగు చెడుతుంది.

సైకిల్ వేగానికి అలవాటుపడిన కళ్లకు పరుగు నత్తనడకలా కనిపిస్తుంది. అందుకే మొదటి కిలోమీటరు అనుకున్నదానికంటే వేగంగా పోతుంది. వాచీ చూసి, పోటీ వేగం కంటే 10, 15 సెకన్లు నిదానంగా వెళ్లండి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

ఈదుతుంటే పిక్క పట్టేస్తోంది: పాదాన్ని బలవంతంగా చాస్తున్నారు. వదులు చేయండి. పట్టేసినప్పుడు తేలుతూ కాలివేళ్లను మీ వైపు లాగండి.

భుజం ముందుభాగం నొప్పి: చెయ్యి తలకు అడ్డంగా పోతోందేమో, బొటనవేలు ముందుగా నీళ్లలో దిగుతోందేమో చూడండి. ప్యాడిల్స్ ఆపండి. వారంలో తగ్గకపోతే ఫిజియోకు చూపించండి.

పరిగెత్తుతుంటే డొక్కలో పోటు: వేగం తగ్గించి లోతుగా, నిదానంగా ఊపిరి వదలండి. భోజనానికీ పరుగుకీ మధ్య రెండు మూడు గంటలు ఎడం పెట్టండి.

మోకాలి కింద ముందరి ఎముక నొప్పి: ఎముక పొడవునా సలుపుతుంటే పరుగు తగ్గించి, ఈత పెంచండి. ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటే ఎముక చిట్లే అవకాశం ఉంది. పరుగు పూర్తిగా ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె దడ ఎగుడుదిగుడుగా ఉండటం: ఆ సెషన్ అక్కడికి ఆగిపోవాలి. "కాసేపటికి తగ్గుతుందిలే" అనుకోకండి.

10. చివరి రెండు వారాలు

కొత్తగా చేయగలిగింది ఏమీ లేదు. మొదటి వారం మొత్తం సమయంలో మూడో వంతు తగ్గించండి, రెండో వారం సగానికి తెండి. రోజుల సంఖ్య, వేగం మాత్రం అలాగే ఉంచండి. ఉదాహరణకు 100 మీటర్ల చొప్పున 8 ఈదే సెట్‌లో 4 మాత్రమే ఈదండి, కానీ అదే వేగంతో. ఈ రోజుల్లో కాళ్లు బరువుగా అనిపించడం, లేని నొప్పులు గుర్తుకు రావడం అందరికీ జరిగేదే.

పోటీ రోజు:

- కొత్త షూ, కొత్త గాగుల్స్, సాధనలో తినని తిండి వద్దు.
- ఈత ముందు 5 నుంచి 10 నిమిషాలు నీళ్లలో వార్మప్. కుదరకపోతే ఒడ్డునే చేతులు తిప్పుతూ ఒళ్లు వేడెక్కించండి.
- తోపులాట ఇష్టం లేకపోతే గుంపు అంచున, వెనుక నిలబడండి. పది సెకన్లు ఆగి బయల్దేరినా పోయేది లేదు.
- మొదటి 100 మీటర్లు మరీ తేలిగ్గా అనిపించాలి.
- చివరి 50 మీటర్లు కాళ్లు కాస్త గట్టిగా కొట్టండి. ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, మోకాలి లోతు వచ్చాక మెల్లగా లేచి నడవండి.
- దాహం వేసినప్పుడే తాగండి. అదేపనిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం.
- పరుగులో మొదటి కిలోమీటరు మిమ్మల్ని దాటినవారిని లెక్కపెట్టకండి. వాళ్లలో సగంమంది నాలుగో కిలోమీటరు దగ్గర నడుస్తూ కనిపిస్తారు.